దిగే దారికి మొక్కు లేదు

తిరుమల కొండ కింద అలిపిరి దగ్గర తెల్లవారుజామున నిలబడి చూస్తే మొక్కులన్నీ ఒకే దిక్కుకు నడుస్తుంటాయి. ఉద్యోగం వస్తే నడిచి వస్తామన్నవాళ్ళు, బిడ్డ పుడితే మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడతామన్నవాళ్ళు, మోకాళ్ళ పర్వతాన్ని మోకాళ్ళతోనే ఎక్కుతామన్నవాళ్ళు. ముందున్నవి 3,550 మెట్లు. నడిచి దిగుతానని స్వామికి మొక్కుకున్నవాళ్ళు మాత్రం కనబడరు. దర్శనమయ్యాక లడ్డూల సంచి పట్టుకుని బస్సెక్కుతాం. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు కొండెక్కినవాళ్ళు కాలినడకనో డోలీలోనో దిగాల్సిందే. ఇప్పుడు ఆ మొదటి ఘాట్ రోడ్డే దిగే బండ్ల దారి. ఎక్కడం మన కాళ్ళకు ఉంచుకుని, దిగడం డ్రైవరుకు అప్పజెప్పాం.

జనం నోట నిలిచిన కథలు కూడా ఎక్కడం గురించినవే. ఆ కొండ మీద పాదం మోపడానికి మనసొప్పక రామానుజులు మోకాళ్ళ మీద ఎక్కారంటారు. పసివాడైన అన్నమయ్య మోకాళ్ళ మిట్ట దగ్గర అలసి సొమ్మసిల్లితే, అలమేలుమంగ పెద్దముత్తైదువలా వచ్చి, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి, ప్రసాదం పెట్టి లేపిందంటారు. వాళ్ళు కొండ దిగిన ముచ్చట ఎవరూ చెప్పుకోరు. దిగడంలో చెప్పుకోదగ్గది ఏముందని మన లెక్క.

శరీరం లెక్క వేరు. ఎక్కేటప్పుడు తొడ ముందువైపు కండరం ముడుచుకుంటూ ఒంటిని పైకి తోస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతుంది. సాగుతూనే బిగువు వదలకుండా, బరువు ఒక్కసారిగా కిందికి పడిపోకుండా ఆపుతుంది. అలవాటు లేని కండరానికి ఇది గట్టి పని. అందుకే ఎక్కిన ఆయాసం అక్కడికక్కడే తీరిపోతుంది, దిగిన నొప్పి మర్నాడు మంచం దిగేటప్పుడు బయటపడుతుంది. మోకాలికి అమర్చిన కృత్రిమ కీళ్ళలోనే కొలిచే పరికరాలు పెట్టి చూసినవాళ్ళున్నారు. మెట్లెక్కేటప్పుడు కీలు మీద శరీర బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుందనీ, దిగేటప్పుడు అంతకంటే ఎక్కువనీ తేలింది. అయినా దిగడం సులువనిపిస్తుంది, ఎందుకంటే గుండె దడ తగ్గుతుంది. మోకాలికి అంత పెద్ద గొంతు లేదు. గుండె ఊరుకుంది కదా అని కాళ్ళు వేగం పెంచుతాయి.

ఎక్కేవాడికి వేగం చెప్పే కొలత దారిలోనే ఉంది. గోవింద నామం పైకి పలకగలిగినంత ఊపిరి మిగిలితే నడక సరిగా ఉన్నట్టు. మాట తెగుతుంటే ఆగాలి. దిగేవాడికి ఊపిరి ఆ సాయం చేయదు. తన వేగాన్ని తనే పట్టుకోవాలి. అడుగు చిన్నది చేసి, మోకాలు కాస్త వంచి, కింది మెట్టు మీద పాదం పూర్తిగా ఆనాకే పై పాదం ఎత్తాలి. మెట్టు ఇరుకైతే పాదాన్ని కొంచెం ఏటవాలుగా పెట్టాలి. కర్ర ఉంటే మనకంటే ముందు అది దిగాలి.

మోకాలి నొప్పితో వచ్చినవాళ్ళకు ఫిజియోథెరపిస్టులు ఒక సూత్రం చెబుతారు: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. వినగానే తికమకగా ఉంటుంది. కానీ దిగేటప్పుడు అసలు పని చేసేది పైన నిలిచిపోయిన కాలు. కింది మెట్టును అందుకునే కాలికి పేరు, నెమ్మదిగా వంగి దాన్ని దింపే కాలికి శ్రమ. అందుకే బలమున్నది వెనక ఉండాలి. పెద్దవాళ్ళను దింపేటప్పుడూ ఇలాంటిదే ఒక పద్ధతి ఉంది. చేయి పట్టుకుని ముందుకు లాగకూడదు. వాళ్ళకంటే ఒక మెట్టు కింద, కాస్త పక్కగా నిలబడాలి. ఎక్కించేటప్పుడు కూడా వెనక, అంటే కిందే ఉండాలి. ఎటు వెళ్తున్నా ఆసరా ఇచ్చేవాడి చోటు ఒక మెట్టు కిందే. ఇంట్లో ముసలివాళ్ళను చూసుకునే కొడుకులకూ కోడళ్ళకూ ఈ సంగతి కొండెక్కకుండానే తెలిసి ఉంటుంది.

రాతిమెట్లకు ఇంకో గుణం ఉంది: ఏ రెండూ ఒకేలా ఉండవు. నాలుగు మెట్లు దిగేసరికి కాలు ఆ ఎత్తును కొలిచేసి, ఇక చూడనక్కరలేదని తీర్మానించుకుంటుంది. ఆ తర్వాతి మెట్టు రెండు వేళ్ళు లోతుగా ఉంటే చాలు, ఒళ్ళు తూలుతుంది. మెట్ల మీది ప్రమాదాలను పరిశీలించినవాళ్ళు, పడిపోవడాలు మొదటి రెండు మూడు మెట్ల దగ్గరా చివరి రెండు మూడు మెట్ల దగ్గరా ఎక్కువని గమనించారు. మొదట్లో కాలికి ఇంకా కొలత దొరకదు. చివర్లో మనసు అప్పటికే నేల మీదికి చేరిపోయి ఉంటుంది. వాన పడినప్పుడు అరిగిన రాయి నున్నగా జారుతుంది. తడిసిన పసుపూ అంతే. ఒకరి మొక్కు ఇంకొకరి కాలు జార్చకుండా అంచుకు పూసినవాళ్ళు చల్లగా ఉండాలి. చదువుకునే అద్దం కింద, దూరపు అద్దం పైన ఉండే కళ్ళజోడు వాడేవాళ్ళకు కాళ్ళ ముందున్న మెట్టే మసకగా కనిపిస్తుంది. వాళ్ళు తల బాగా వంచి చూడాలి, లేదా దూరపుచూపు అద్దాలు విడిగా తెచ్చుకోవాలి.

ఎక్కేవాడి కళ్ళెదుట రాయి ఉంటుంది. దిగేవాడి కళ్ళెదుట లోయ, ఊరు, ఆకాశం అన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ప్రమాదం ఆ అందంలోనే ఉంది. చైనాలోని హువాంగ్‌షాన్ కొండ రాతిమెట్ల మీద వచ్చినవాళ్ళకు చెప్పే మాట ఒకటుంది: నడుస్తూ చూడకు, చూస్తూ నడవకు. చూడొద్దని అనడం లేదు. ఆగి, తనివితీరా చూసి, అప్పుడు నడవమంటున్నారు. ఫోన్ ఎత్తి ఫొటో తీసేవాళ్ళకూ అంతకంటే వేరే నియమం అక్కర్లేదు.

బస్సు లేని కొండలు దిగడాన్ని తేలిగ్గా తీసుకోనివ్వవు. నాసిక్ జిల్లాలో త్ర్యంబకేశ్వర్ దగ్గరున్న హరిహర్ కోట మెట్లు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి. చేతివేళ్ళు దూర్చి పట్టుకోవడానికి రాతిలోనే గుంటలు తొలిచారు. అక్కడ దిగేవాళ్ళు లోయకు వీపు పెట్టి, కొండకు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగుతారు. మన భువనగిరి గుట్ట మొత్తం ఒకే రాయి. అక్కడి రాక్ క్లైంబింగ్ శిక్షణలో తాడు పట్టుకుని దిగడం విడిగా ఒక పాఠం. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. కొండతో నిత్యం పని ఉన్నవాళ్ళు దిగడాన్ని ఎక్కడానికి తోకగా చూడరు.

మిగతా బతుకులో మనకు ఆ పాఠం చెప్పేవాళ్ళు తక్కువ. పరీక్షలో, ఉద్యోగంలో, పలుకుబడిలో ఎలా పైకి రావాలో చిన్నప్పటినుంచీ నూరిపోస్తారు. పదవీ విరమణ రోజు శాలువా కప్పి, దండ వేసి, కారులో ఇంటి దగ్గర దింపుతారు. మర్నాటి ఉదయం తొమ్మిదింటికి ఏం చేయాలో ఎవరూ చెప్పరు. కొందరు ఆ మెట్టు దగ్గర ఒక్కసారిగా జారిపోతారు. కొందరు దిగబోమని మొండికేస్తారు: దుకాణం తాళాలు కొడుక్కిచ్చి, లెక్కల పుస్తకం మాత్రం దిండు కింద పెట్టుకుంటారు. రెండూ మోకాలికి చేటే. సాగుతూనే బిగువు వదలని ఆ తొడ కండరం పనే ఇక్కడా చేయాల్సింది. ఈ నెల తాళాలు, వచ్చే నెల బ్యాంకు పని, ఆపైన ధరల నిర్ణయం. అడిగితే సలహా, అడగకపోతే మౌనం.

కోపం దిగడం కూడా ఇలాంటిదే. మాటామాటా పెరిగి పైకి వెళ్ళడం నిమిషం పని. అక్కడినుంచి ఒక్క దూకులో క్షమాపణ దాకా వచ్చేద్దామంటే కాలు మడతపడుతుంది. ఆ క్షమాపణలోనే ఇంకో గొడవ మొదలవుతుంది. గొంతు తగ్గించడం ఒక మెట్టు. కూర్చోవడం ఒక మెట్టు. అన్నం తిన్నావా అని అడగడం ఒక మెట్టు. అసలు విషయం ఆ తర్వాతి మెట్టు మీద మాట్లాడుకోవచ్చు.

అందుకే కొండకు వెళ్ళేముందు బలాన్ని రెండు భాగాలు చేసుకోవడం మంచిది. నీళ్ళు సగం, వెలుతురు సగం, ఓపిక సగానికి పైగా దిగే దారికి మిగలాలి. పైకి చేరేసరికే మొత్తం ఖర్చయిపోతుందని తోస్తే, దారి మధ్యలో వెనుదిరగడం ఓటమి కింద రాదు. అది కూడా దిగడం తెలిసినవాళ్ళు చేసే పనే. బరువు బాధ్యతలు మోసి ఇప్పుడిప్పుడే కిందికి అడుగేస్తున్న వయసువాళ్ళకు నాదొక మనవి: తొందర లేదు. ఎక్కేటప్పుడు ఎవరితోనో పోటీ ఉండి ఉండవచ్చు. దిగేటప్పుడు ముందు చేరినవాళ్ళకు ఏ బహుమానమూ లేదు, కాబట్టి చేయి పట్టుకుని దిగినా చిన్నతనం కాదు.