కూరతోట ఎవరిది?



నాబోతు కథ మనకందరికీ తెలిసినదే. అయితే అహాబు రాజు అతని ద్రాక్షతోటను ఎందుకు కోరాడో ఎప్పుడైనా గమనించామా? అది తన నగరు ప్రక్కనే ఉన్నది గనుక కూరతోటగా చేసుకొనుటకు కోరాడు. ఊరకే అడుగలేదు, వెల ఇస్తానన్నాడు. వెల ఇచ్చినంత మాత్రాన న్యాయము జరిగినట్లేనా? పోతనాళ చుట్టుప్రక్కల క్యాంపులలో స్థిరపడిన మనకు ఇది పరాయి ప్రశ్న కాదు.

1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు విడిచిన తరువాత, ఎడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతపు జొన్నచేలు క్రమముగా వరిమళ్ళయినవి. మన పెద్దలు కోస్తా జిల్లాలనుండి వచ్చి భూములు కొన్నారు, కౌలుకు తీసుకున్నారు, చదును చేశారు. కొందరు వారి వెంట కూలికి వచ్చారు. ఆ కష్టమును ఎవరూ కాదనలేరు. కాని ఆ భూమిని అమ్మినవారిలో, కౌలుకిచ్చినవారిలో ఈ నేలమీద పుట్టిన బీద కుటుంబములు ఉన్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము రాయచూరు జిల్లాలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు షెడ్యూల్డు తెగలవారు. మన పొరుగున ఉన్న నాయకులు ఆ లెక్కలోనివారే. ప్రభుత్వము దళితులకు, ఆదివాసులకు ఇచ్చిన భూములు చేజారిపోకుండ కర్ణాటకలో 1978లో ఒక చట్టమే చేయవలసి వచ్చినది.

ఈ కుటుంబములకు మందులు లేని కూరగాయల సాగు నేర్పి నాలుగు రూపాయలు వచ్చే దారి చూపాలని మనలో కొందరు అంటున్నారు. మంచి మాటే. వరి డబ్బు పంట చేతికొచ్చినప్పుడే కనబడుతుంది. ఆకుకూర నెలతిరగకముందే కోతకు వస్తుంది, వంగ, బెండ, చిక్కుడు వారం వారం సంతకు పోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ప్రారంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో ఇరవై సెంట్ల నేలలో పలురకముల కూరలు కలిపి వేయిస్తున్నారు. ఒకటి పోయినా మరొకటి నిలుస్తుంది. పేడ, గోమూత్రము, బెల్లము, పప్పుపిండి, గుప్పెడు మట్టి కలిపిన జీవామృతమునకు అప్పు చేయనక్కరలేదు. మహిళా సంఘముల ద్వారా ఊరూరా నడచిన ఆ పనికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థవారి మానవాళి బహుమానములో భాగము దక్కినది.

అయితే నేర్పుటకు ముందు మనలను మనము ప్రశ్నించుకోవాలి. వారి పది సెంట్ల మడి మన వరిచేను గట్టునే ఉంటే, మనము కొట్టే మందు గాలికి ఎక్కడికి పోతుంది? మన మడిలోని నీరు ఎవరి మడిలోకి దిగుతుంది? ఒక చేతితో విత్తనములు పంచి, మరొక చేతితో ఆ పంటమీద విషము చల్లితే అది సహాయమా?

ఇక నా తప్పు నేను ఒప్పుకుంటాను. ఆదివారము ఆరాధన అయిన తరువాత గుడి బయట ఒక నాయక స్త్రీ గంపలో గోంగూర, మెంతికూర పెట్టుకొని కూర్చునేది. ఆకులకు చిల్లులున్నవని నేను ధర తగ్గించమన్నాను. ఆమె నవ్వి, "మేష్ట్రే, పురుగు తిన్నదంటే మందు లేదనే కదా! పురుగుకున్న నమ్మకము మీకు లేదా?" అన్నది. నేను రెండు రూపాయలు తగ్గించుకొనే ఇంటికి వచ్చాను. దాతృత్వమును గురించి ఆ ఉదయమే ప్రసంగము విని వచ్చిన మనిషిని నేను! పట్నములో పెద్ద దుకాణమువారు చెప్పిన ధరకు మారుమాటాడక డబ్బు కట్టే మనము గంప ముందు మాత్రము బేరమాడతాము.

కాబట్టి నాకు తోచినది ఇది. మనము ఇవ్వవలసినది భిక్ష కాదు, పొరుగువారి బాకీ. మందు మానిన నేలకు సేంద్రియమని గుర్తింపు రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ కాలములో దిగుబడి తగ్గవచ్చు, ఎక్కువ ధర రాదు. కష్టమంతా ఆ రెండు మూడేళ్ళలోనే. అప్పుడు వారం వారం ఒకే ధరకు కొనే ఇరవై ఇళ్ళు ఉంటే ఆ కుటుంబము నిలబడుతుంది. ప్రభుత్వపు పి.జి.ఎస్. పద్ధతిలో కనీసము ఐదుగురు రైతులు గుంపుగా చేరి, ఒకరి పొలము ఒకరు చూసి హామీ ఇచ్చుకొనవచ్చు. ఆ కాగితముల పనిలో మన చదువుకున్న పిల్లలు తోడుపడవచ్చు. వారి గట్టు ప్రక్కన నాలుగు సాళ్ళు మందు కొట్టకుండ వదలడము మన రైతుల వంతు. మనకు కొంత నష్టము రావచ్చు. ఏ నష్టమూ లేని సహాయము మన మనసు తృప్తికే గాని వారి కడుపుకు కాదు.

నాబోతు తోట ప్రక్కన నివసించే భాగ్యము మనకు దొరికినది. వచ్చే ఆదివారము గుడి బయట ఆ గంప ముందు ఆగినప్పుడు, అహాబువలె వెల చెప్పకుండ, పొరుగువారివలె వెల అడుగుదము.