మంచము మోసిన నలుగురు

చదువవలసిన భాగము: మార్కు సువార్త 2వ అధ్యాయము, 1 నుండి 12 వచనములు



మన తెలుగులో నలుగురు అను మాట లెక్కకు మాత్రమే చెప్పునది కాదు. నలుగురిలో మాట పడరాదందుము. నలుగురికి మంచి జరుగవలెనందుము. ఒకని బ్రతుకు ఎట్టిదో తూచి చూడవలసి వచ్చినప్పుడు, పోయిననాడు మోయుటకు నలుగురైనను వత్తురా అని అడుగుదుము. ఊరంతయు ఆ చిన్న మాటలో ఇమిడియున్నది. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని ప్రభువునొద్దకు తెచ్చిన సంగతిని ముగ్గురు సువార్తికులు వ్రాసిరి గాని, మోసినవారు నలుగురని లెక్క చెప్పినవాడు మార్కు ఒక్కడే. ఈ భాగమును మేము ఎన్నిమారులు ప్రసంగించితిమో లెక్కలేదు. అయినను ఆ నలుగురిని గూర్చి నిజముగా ఆలోచించుట ఒక వానకాలపు ఆదివారము తరువాతనే మొదలైనది. ఆ సంగతి ముందుకు చెప్పెదము. మొదట ఆ ఇంటిని చూతము.

ఇల్లు నిండియున్నది. వాకిటిలోనైనను చోటు లేదు. ఆ వాకిలి మూసినవారెవరు? పరిసయ్యులందుమా? శాస్త్రులు కొందరు లోపల కూర్చుండియుండిరని మార్కు చెప్పుచున్నాడు గాని వాకిలిని నింపినది వారు కాదు. ప్రభువు వాక్యము వినవలెనని ఆశతో వచ్చిన జనులే. వారు చెడ్డవారు కారు. పని మానుకొని వచ్చినవారు, పిల్లలను చంకనెత్తుకొని వచ్చినవారు. వారి వీపులన్నియు వీధివైపు, ముఖములన్నియు ప్రభువువైపు. అందుచేతనే వెనుక మంచము వచ్చి నిలిచినట్లు వారికి తెలియలేదు. వినుటకు వచ్చినవారే అడ్డమైరి. ఈ మాట వ్రాయుచుండగా మా చేయి కొంచెము ఆగినది.

ఇక ఆ ఆదివారము.

ఆసిఫాబాదు పెద్దవాగు ఒడ్డుననున్న ఊరు. దానికి పడమట తిర్యాణి, కెరమెరి, లింగాపూరు, జైనూరు గుట్టలు. ఆ గుట్టలలో గోండులు, కొలాములు, పరధానులు, తోటీలు మనకంటె ముందునుండి నివసించువారు. 2016లో కుమ్రం భీం పేర ఈ ప్రాంతము జిల్లాయైనది. రోడ్లు వచ్చినవి, 108 బండి వచ్చినది. అయినను వానలు ముదిరి వాగులు పొంగినప్పుడు ఆ బండి ఆవలి దరినే నిలుచును. ఈవలి దరినుండి మనిషిని మనుష్యులే మోయవలెను. గర్భిణీ స్త్రీలను మంచముపై వాగు దాటించుట ఈ జిల్లాలో ఎవరికిని కొత్త వార్త కాదు.

ఆ దినము గుట్టమీది గూడెమునుండి నలుగురు గోండు మనుష్యులు నొప్పులు పడుచున్న ఒక చిన్నదానిని నులక మంచముమీద మోసికొని మా గుడి ముందు దారిని వెళ్లిరి. పైన పాలితీను కాగితము కప్పిరి. లోపల మేము వాక్యము చెప్పుచుంటిమి. కిటికీ ప్రక్కనున్నవారు చూచిరి. మేమును చూచితిమి. ఆరాధన ముగించి వెళ్లుదమని మనస్సులో అనుకొని చెప్పుచునే యుంటిమి. పాట పాడితిమి, కానుక పట్టితిమి, ఆశీర్వాదము పలికితిమి. బయటికి వచ్చి చూచునప్పటికి దారిలో బురద అడుగులు తప్ప ఏమియు లేవు. ఆనాడు మేము చెప్పిన వాక్యభాగమేదో ఇప్పుడు మాకు జ్ఞాపకము లేదు.

తల్లి బ్రతికినది. బిడ్డ దక్కలేదు. మనము నలుగురము వెళ్లి భుజము మార్చియుండిన బిడ్డ దక్కెడిదా? దేవునికే తెలియును. ఆ ప్రశ్నను మేము ఇంతవరకు దించుకొనలేకున్నాము.

నాలుగు దినములకు ఆ చిన్నదాని తండ్రి ఆస్పత్రినుండి మరలివచ్చుచు, వాన పట్టుకొనగా మా గుడి వసారాలో నిలిచెను. మేము చాయ ఇచ్చితిమి. ఏమి చెప్పవలెనో తోచక ఊరకుంటిమి. ఆయనే అనెను: "మీ పాట ఇనవడ్డదయ్యా. భుజం మార్చెటోళ్లు ఎవరన్న వస్తరేమో అనుకున్నం." ఆ మాటలో నిష్ఠూరము లేదు. వాన తగ్గినదా అని చూచినట్లు చెప్పి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయెను. తిట్టియుండిన మాకు సులువుగా నుండెడిది.

ఆ తరువాత ఈ అధ్యాయమును మరల తెరచితిమి. ఐదవ వచనములో ప్రభువు వారి విశ్వాసమును చూచెనని యున్నది. రోగికిని విశ్వాసము ఉండియుండవచ్చును, కాదనము. కాని ఆ నలుగురిది అందులో ఉన్నదనుటకు సందేహము లేదు. మొదటినుండి చివరివరకు ఆ నలుగురు ఒక్క మాట పలుకలేదు. ప్రార్థన చేసినట్లు వ్రాయబడలేదు, సాక్ష్యము చెప్పినట్లు వ్రాయబడలేదు. వారి పేర్లు లేవు. శిష్యులో కారో కూడ మనకు తెలియదు. అయినను ప్రభువునకు కనబడినది. మన విశ్వాసము తరచుగా వినబడును. మైకు పెట్టిన దినమున పక్క ఊరికి కూడ వినబడును. కనబడుట మాత్రము అరుదు.

ఆ ఇంటి కప్పును గూర్చి కూడ ఒక మాట. లూకా పెంకుల సంగతి చెప్పుచున్నాడు. గూన పెంకుల ఇంటిలో కాపురమున్నవారికి ఆ బాధ తెలియును. కోతి ఒకటి పైకెక్కి నాలుగు పెంకులు కదిపిన చాలు, ఆ సంవత్సరము వానంతయు ఇంటిలోనే. అట్టిది మంచము పట్టునంత సందు చేసిరి! ఇంటివాని మాటను సువార్తికులు వ్రాయలేదు. ప్రభువైతే నా ప్రసంగము చెడినదని అనలేదు, ధూళి పడినదని అనలేదు. ఆగెను. మధ్యలో ఆగుట ఆయనకు తెలిసినట్లు మాకు ఆ ఆదివారము తెలియలేదు.

దేహమునకు చేయు సేవయే చాలునని మేము చెప్పుటలేదు. ప్రభువు ఆ రోగితో మొదట పలికినది పాపక్షమాపణను గూర్చి. అది ఆయన పని. ఆ నలుగురు దానికి చేయి పెట్టలేదు, పెట్టలేరు. మోయుట వారి పని. మనము ఆయన పనిని మన నోట చెప్పి, మన పనిని ఆయనమీద పెట్టి ప్రార్థన చేయుచున్నాము.

ఇట్టి మంచమును మోసినవారు మన ప్రాంతములోనే యుండిరి. గోదావరికి ఆవలి దరి, నిజామాబాదు జిల్లాలో డిచ్‌పల్లి ఆస్పత్రి పేరు మన పెద్దలలో వినని వారుండరు. 1907లో ఇసబెల్ కెర్ అను స్కాట్లాండు వైద్యురాలు తన భర్త జార్జి కెర్ పాదిరిగారితో వెస్లియన్ మిషను పక్షమున నిజాం రాజ్యమునకు వచ్చెను. కుష్ఠరోగులను ఊరు వెలుపల పెట్టిన కాలమది. గుడిసెలో కాదు, చెట్టుక్రింద. నిజామాబాదులో ఆమెయొద్దకు వారు రాసాగిరి. ఒక్క దొరసాని ఏమి చేయగలదు? మంచమునకు నాలుగు కోళ్లున్నవి. ఒక కోడు ఆమె పట్టెను, ఒకటి భర్త పట్టెను. మూడవదానిని పట్టినవాడు మన మతస్థుడు కాడు, ధనవంతుడైన హిందువు, రాజా నర్సాగౌడు. ఆయన ఇచ్చిన పెద్ద విరాళముతో 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి తెరువబడినది. నాలుగవ కోడు రోగులదే. అక్కడి పొలములలో వారు తమ చేతులతోనే పని చేసిరి.

అప్పటి చికిత్స చాల్‌మూగ్ర జాతి గింజల నూనెను సూదితో ఎక్కించుట. నొప్పి విస్తారము, ఫలము కొలది. ఇప్పుడు అట్లు కాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చు పద్ధతిని చెప్పినది. ఆరు నెలలో, సంవత్సరమో మందు మ్రింగిన రోగము పోవును. సర్కారు ఆస్పత్రిలో ఆ మందు ఉచితము. 2005 చివరకు దేశము మొత్తముమీద ఈ రోగము పదివేలమందికి ఒకరికంటె తక్కువకు దిగినది గాని లేకుండపోలేదు. ఒంటిమీద పాలిపోయిన మచ్చ యుండి, అక్కడ గిచ్చినను తెలియకున్న యెడల, దాచక వెంటనే చూపించుకొనవలెను. ఈ మాట స్త్రీల మైత్రి కూటములలో కూడ చెప్పుడి. రోగము పోయిన తరువాత ఆ మనిషిని ప్రభువు బల్లయొద్ద అందరికంటె చివర నిలిపిన సంఘములను మేము చూచితిమి. వారు వాకిలి మూసినవారే గదా!

రాజా నర్సాగౌడు సంగతి మరచిపోకుడి. సమరయుని ఉపమానమును (లూకా 10) చదివి, ఆ సమరయుడు మనమే అనుకొనుట మనకు వాడుక. ఉపమానము విన్న యూదులకు సమరయుడు పరాయివాడు, గుడికి రానివాడు. మన ఊళ్లలో ఆ లెక్కన సమరయుడెవడు? 2020 మార్చి చివర దేశమంతయు మూతపడినప్పుడు, కూలివారు పిల్లలను భుజాన వేసికొని కాలినడకన తమ ఊళ్లకు పోయినప్పుడు, మన గుడి తలుపులును మూతపడియుండెను. ఆ దినములలో దారి ప్రక్కన నీళ్లకుండ పెట్టినది, అంబలి పోసినది ఏ ఇంటివారు? మీ మీ ఊళ్లలో మీకే తెలియును. అందులో మన ఇల్లు ఉన్న యెడల సంతోషము. పొరుగువారిదైన యెడల వారియొద్ద నేర్చుకొనుటకు సిగ్గేల?

మా సంఘములో ఆ తండ్రి మాటను సంఘపెద్దల ముందు పెట్టితిమి. రెండు బలమైన వెదురుబొంగులు, గట్టి నవారు మంచము, తాడు, టార్పాలిను కొని వసారాలో ఉంచుదమని, యౌవనస్థులు వారమునకు ఆరుగురు చొప్పున వంతు వేసికొనవలెనని చెప్పితిమి. ఆరుగురు ఎందుకనగా, నలుగురు మోయుదురు, ఇద్దరు భుజము మార్చుదురు. డబ్బు పిడికెడు బియ్యము సొమ్ములోనుండి తీయవలసియుండెను. అక్కడ మాట పెరిగినది. ఒక పెద్ద లేచి, పిడికెడు బియ్యము దేవునికి ఇచ్చినది గదా, గుడి ముఖము చూడనివారికొరకు ఎట్లు ఖర్చు చేయుదుమని అడిగెను. ఆయన పిసినారి కాడు. ఆ బియ్యము ఎంత కష్టముతో వచ్చునో తెలిసినవాడు. అన్నము వండునప్పుడెల్ల కుండలోనుండి పిడికెడు తీసి పక్కన వేసిన తల్లుల కడుపులోని బియ్యమది.

అందుకు మేము వచనము వెదకుచుండగా, వెనుకనుండి ఒక విధవరాలు లేచినది. "అయ్యగారూ, మా పెనిమిటి పోయిననాడు మన పోరగాండ్లు సగం మంది బొగ్గు గనుల కాడ పనికి వోయిండ్రు. పాడె వట్టిన నలుగుర్ల ఇద్దరు గోండోళ్లే గద. వాళ్లు మన గుడికి వస్తరా అని అప్పుడు ఎవలన్న అడిగిండ్రా?" అని కూర్చున్నది. ఆ పెద్దయే మొదట సరేయనెను. మరుసటి ఆదివారము వెదురుబొంగులు తన తోటనుండియే కొట్టి తెచ్చెను, సొమ్ము పుచ్చుకొనలేదు.

ఒక షరతు మేము పెట్టితిమి, దానిని ఇక్కడ వ్రాయుట అవసరము. మంచము మోసినందుకు ఎవరిని గుడికి రమ్మని అడుగరాదు. దారిలో కరపత్రము ఇయ్యరాదు. నొప్పులు పడుచున్న మనిషియొద్ద, భయపడుచున్న తండ్రియొద్ద బేరము పెట్టుట ప్రభువు పద్ధతి కాదు. ఆయన స్వస్థపరచిన ఆ మనుష్యుని తన వెంబడి రమ్మనలేదు, ఇంటికి పొమ్మనెను. సమరయుడును పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి తన దారిని పోయెను. దెబ్బలు తగిలినవాడు తరువాత ఏ గుడికి వెళ్లెనో లూకా చెప్పలేదు. కొందరికి ఈ షరతు నచ్చలేదు. ఇప్పటికిని నచ్చదు. అయినను దానిని మేము మార్చలేదు.

ఇంకొక సంగతి మోయుట మొదలుపెట్టిన తరువాతనే తెలిసినది. మంచములోని మనిషి నీళ్లు కావలెననినను, ప్రక్కకు త్రిప్పుమనినను మన పిల్లలకు అర్థము కాలేదు. ఇన్ని సంవత్సరములు ప్రక్కనే యుండి, గోండులతో మనకు వచ్చిన మాట రాంరాం ఒక్కటే! 1943లో జైనూరు దగ్గర మార్లవాయిలో హైమెండార్ఫ్ అను పండితుడు గోండు పిల్లలకు వారి గోండి భాషలోనే చదువు చెప్పుటకు ఏర్పాటు చేసెను. ఆయన మిషనెరీ కాడు. దూరదేశస్థుడు నేర్చుకొనిన భాషను పొరుగువారము మనము నేర్చుకొనలేదు. ఇప్పుడు గూడెపు బడిలో చదివిన ఒక పిల్లవాడు శనివారము సాయంకాలములందు మా యౌవనస్థులకు పది పది మాటలు నేర్పుచున్నాడు. వారి ఉచ్చారణ విని వాడు నవ్వుచున్నాడు. నవ్వనిండు.

గడచిన వానకాలములో ఆ మంచము మూడుమారులు వాగు దాటినది. ఒకమారు జ్వరముతో తెలివి తప్పిన కొలాము ముసలివాడు, ఒకమారు పాము కరచిన మన సంఘపు పిల్లవాడు, ఒకమారు కాన్పు. ఆ పిల్లవానిని మోసిన ఆరుగురిలో నలుగురు గూడెమువారు, వారు వంతు పట్టీలో లేనివారు. కాన్పు మంచము ఆదివారమే వచ్చినది, రెండవ పాట సగములో నుండగా. వంతువారు లేచి వెళ్లిరి. వారి వెనుక మరి కొందరు వెళ్లిరి. మేము పుస్తకము మూసి, చెప్పులు వెదకుకొని వసారాలోనికి వచ్చునప్పటికి వాన జోరుగానుండెను, మంచము అప్పుడే మలుపు దాటుచుండెను. పరుగెత్తి అందుకొంటిమి. ఆ తండ్రి, మొదట చెప్పిన ఆ తండ్రియే, ఎడమవైపు ముందు కోడు పట్టియుండెను. మమ్మును చూచి ఏమియు అనలేదు. భుజము వంచి కఱ్ఱను మా భుజముమీదికి జరిపెను.