ప్రాణము దక్కిన తరువాత



రోడ్డు ప్రమాదములో తలకు బలమైన దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రిలో చేర్చిన తరువాత ఒక్కొక్కసారి ఇంటివారి ముందు ఒక కాగితము పెట్టుదురు. “పుర్రె ఎముక కొంత తీయవలెను, సంతకము చేయండి” అందురు. ఆ సంతకము దేనికి ఒప్పుకొనుట?

పుర్రె మూసిన పెట్టె వంటిది. లోపల మెదడు వాచినయెడల ఆ వాపునకు చోటుండదు. ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తము చాలినంత అందదు. మందులకు, వెంటిలేటరుకు అది లొంగనప్పుడు ఎముకలో పెద్ద భాగము తీసి మెదడుకు చోటు కల్పించుదురు. పుర్రెకు, మెదడు పైపొరకు నడుమ రక్తము గడ్డకట్టిన సంగతి వేరు; దానిని వేళకు తీసినచో చాలమంది బాగుగా కోలుకొందురు. చిక్కు ప్రశ్న తగ్గని వాపు విషయములోనే.

2016లో ప్రచురింపబడిన ‘రెస్క్యూ ఐసీపీ’ అను పరిశోధనలో 408 మందిని రెండు వర్గములుగా చూచిరి. ఆరు నెలలకు మందుల వర్గములో నూటికి 48.9 మంది, ఎముక తీసిన వర్గములో 26.9 మంది మరణించిరి. అయితే స్పృహ లేక కన్నులు మాత్రము తెరచియుండు స్థితిలో మిగిలినవారు మందుల వర్గములో 2.1, ఎముక తీసిన వర్గములో 8.5. ఇంటిలో తమ పని తాము చేసుకొనగలిగి, బయటికి తోడు కావలసినవారు 8.0 నుండి 15.4కు పెరిగిరి. చక్కగా కోలుకొన్నవారు మాత్రము పెరుగలేదు.

కాబట్టి “ప్రాణము దక్కినది గదా” అనుటతో ప్రశ్న తీరదు. “అట్లు బ్రతుకుటకంటె పోవుటే మేలు” అనుటయు న్యాయము కాదు. ఒకరి వైకల్యము మన కంటికి భారముగా తోచినంత మాత్రాన వారి బ్రతుకు విలువ తగ్గదు. ఇచ్చట అడుగవలసినది మన ఇష్టము కాదు, ఆ మనిషి ఇష్టము. మాటలాడగలిగియుంటే తాను ఏమి కోరియుండును? దేనిని సహింపననును? ఇది వైద్యునికి తెలియదు, ఇంటివారికే తెలియును. ముందుగా మాటలాడుకొనిన ఇంటిలో ఆ గడియ కొంత తేలికగును.

ఏ నిర్ణయము చేసినను, ప్రేమతో, తెలిసి చేసినవారిని నిందించు హక్కు మనకు లేదు. “ఎందుకు బ్రతికించితిరి?” అనియు, “ఎందుకు వదలితిరి?” అనియు అడుగకుందము. బ్రతికించుమని చెప్పుట ఒక్క రోజు పని. తినిపించుట, ప్రక్క మార్చి పడుకోబెట్టుట ఏండ్ల పని. మొదటి వారము ఆసుపత్రి వరండా నిండా ఉండు మనము ఆరవ నెలలో ఆ ఇంటి తలుపు తట్టుచున్నామా? ఒక పూట రోగియొద్ద కూర్చుండి ఆ తల్లిని నిద్రపోనిచ్చుచున్నామా? బ్రతుకు విలువైనదని చెప్పు మన మాటకు అదియే ఋజువు.