నేరం రుజువు కాలేదు, బాధ్యత ఎవరిది?



"కోర్టే వదిలిపెట్టింది గదా, ఇంక వాళ్ళ తప్పేముంది?" అనేవారు మనలో కొందరున్నారు. "కోర్టులన్నీ ఉన్నవాళ్ళవే" అని తేల్చివేసేవారు మరికొందరు. రెండు మాటలూ తొందరపాటువే. ఎందుకో మన చింతామణి తాలూకా సంగతితోనే చెప్పుకుందాం.

కంబాలపల్లి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2000 మార్చి 11న ఆ ఊళ్ళో ఏడుగురు దళితులను సజీవంగా కాల్చివేశారు. అప్పటికి చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడలేదు, చింతామణి కోలారు జిల్లాలో ఉండేది. విచారణలో సాక్షులు అనేకులు ఎదురు తిరిగారు. 2006లో సెషన్సు కోర్టు ముద్దాయిలందరినీ విడుదల చేసింది. 2014లో కర్ణాటక హైకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఏడుగురు చనిపోయినది నిజం. చట్టం లెక్కలో మాత్రం చంపినవారు ఎవరూ లేరు.

ఇందులో మొదట గ్రహించవలసినది, విడుదల అంటే ఏమిటి అన్నది. క్రిమినల్ కేసులో నేరాన్ని రుజువు చేసే భారం ప్రాసిక్యూషను మీదనే ఉంటుంది. సమంజసమైన సందేహం ఏ కొంచెం మిగిలినా దాని లాభం ముద్దాయికే పోతుంది. ఈ నియమం మీద కోపగించుకోవద్దు. పోలీసులు అనుమానం మీద పట్టుకుపోయిన కూలివానిని కాపాడేది కూడా ఇదే. దీనిని సడలిస్తే ముందుగా జైలుకు పోయేది పేదవాడే. సివిలు వ్యవహారంలో ఇంత రుజువు అక్కరలేదు, ఎవరి మాట ఎక్కువ నమ్మదగినదో చూస్తారు. అందువల్లనే లారీ డ్రైవరు క్రిమినల్ కోర్టులో బయటపడినా, చనిపోయినవాని భార్యకు ట్రిబ్యునలు నష్టపరిహారం ఇప్పించవచ్చు. అంటే శిక్ష వేరు, బాధ్యత వేరు. "ఈ మనిషి మీద ఈ నేరం రుజువు కాలేదు" అని మాత్రమే విడుదల తీర్పు చెబుతుంది. ఏమీ జరగలేదని అది చెప్పదు, ఎవరూ బాధ్యులు కారనీ చెప్పదు.

మరి సాక్షి సంగతి? ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవానికి పాత శిక్షాస్మృతి 193వ సెక్షను ప్రకారం ఏడేండ్ల వరకు శిక్ష పడవచ్చు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. కాని పల్లె సాక్షి ఎవరో ఆలోచించండి. పగలు బోనెక్కి నిజం చెప్పి, సాయంత్రం బస్సెక్కి అదే ఊరికి తిరిగి పోవలసినవాడు. వేరుశనగ పీకడానికి కూలికి పిలిచేదీ, బిడ్డ పెండ్లికి అప్పిచ్చేదీ చాలా ఊళ్ళల్లో ముద్దాయి పక్షంవారే. అట్లా ఒక రోజు కాదు, ఆరేండ్లు బ్రతకాలి. అతడు అబద్ధమాడితే తప్పు కాదని నేననను. అయితే ఆ తప్పుల వరుసలో అతనిది చివరిది.

గుజరాతులోని బెస్ట్ బేకరీ కేసు చూడండి. 2002లో పధ్నాలుగు మంది చనిపోయారు. సాక్షులు ఎదురు తిరిగి 2003లో ముద్దాయిలందరూ విడుదలయ్యారు. 2004లో సుప్రీంకోర్టు ఆ విచారణను మహారాష్ట్రకు మార్చి మళ్ళీ జరిపించగా, 2006లో తొమ్మిది మందికి శిక్ష పడింది. విచారణను దూరంగా పెడితే సాక్ష్యం నిలబడడానికి వీలుందన్నమాట. అదే సంవత్సరం మాట మార్చిన ప్రధాన సాక్షికి, ఆ అమ్మాయికి, కోర్టు ధిక్కారం కింద ఒక సంవత్సరం జైలు వేశారు. ఆమె నోరు నొక్కినవారి లెక్క అంత త్వరగా తేలలేదు.

బాధ్యతను ఎంతవరకు చాచాలన్నది చాలా పాత ప్రశ్న. మోషే ధర్మశాస్త్రంలో, ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలో, ఒక విధి ఉంది. పొలంలో శవం దొరికి హంతకుడెవరో తెలియనప్పుడు చుట్టుపట్ల ఊళ్ళకు దూరం కొలవాలి. దగ్గరి ఊరి పెద్దలు వచ్చి చేతులు కడుక్కొని రెండు సంగతులు ఒప్పజెప్పాలి: తాము చంపలేదని, తాము చూడలేదని. మొదటిది చెప్పగల పెద్దలు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతారు. రెండవది చెప్పవలసి వచ్చినప్పుడే గొంతు పట్టుకుంటుంది.

మన చట్టానికి కూడా ఈ ఆలోచన కొత్తది కాదు. 1989 అత్యాచార నిరోధక చట్టంలో 4వ సెక్షను కావాలని విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగిని శిక్షిస్తుంది. 16వ సెక్షను ఊరివారి మీద సామూహిక జరిమానా వేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. దీని పేరు విన్నవారే తక్కువ! నా మట్టుకు సామూహిక జరిమానా అంటే కొంత భయమే, నిరపరాధి కూడా కట్టవలసి వస్తుంది గనుక. 4వ సెక్షనును మాత్రం నిజంగా వాడితే చాలునని నా అభిప్రాయం.

కంబాలపల్లి సాక్షులకు లేని సౌకర్యం ఒకటి ఈనాడు ఉంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. సాక్షి జిల్లా జడ్జి అధ్యక్షతనుండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అతనికున్న ముప్పును గురించి పోలీసు అధికారి అయిదు పనిదినాలలో నివేదిక పంపాలి. అవసరమైతే కాపలా, తాత్కాలికంగా వేరే చోట నివాసం ఇవ్వవచ్చు. మన ఊరినుండి వచ్చిన మనిషి ఎవరైనా సాక్షిగా పిలుపు అందుకొని భయపడుతుంటే, ఆ దరఖాస్తు వ్రాసిపెట్టడం చదువుకున్న మనవంటివారికి ఒక పూట పని. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. అందుకు తాలూకా న్యాయసేవల సమితిలో అడగవచ్చు.