కటాఫ్: ప్రమాణమా, ధర్మమా?

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తేల్చడాన్ని న్యాయదర్శనం అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధమైన ఉదాహరణగా చూపుతుంది; ఆ నిర్ణయం నిలవాలంటే పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు ఉండి తీరాలి, ఈ వీడని సంబంధాన్నే నైయాయికులు వ్యాప్తి అన్నారు. దీన్ని తిరగవేస్తే చెల్లదనీ వారే చెప్పారు: తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లోనూ కనిపించే కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది గానీ, తడికట్టె తగలనిదే పొగ రాదు. వైద్య గణాంకశాస్త్రపు మాటల్లో, పొగ అనే పరీక్షకు విశిష్టత, అంటే లేనిదాన్ని లేదని చెప్పే గుణం, నూటికి నూరు. సున్నితత్వం, అంటే ఉన్నదాన్ని పట్టుకునే గుణం, మాత్రం ఇనుపగుండు దగ్గర తప్పిపోతుంది.

రక్తపరీక్షకు ఆ పాటి భాగ్యం కూడా లేదు. పరగడుపున చూసిన చక్కెర గానీ, ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్‌ఏ గానీ ఒక అంకెను ఇస్తుందే తప్ప జబ్బు ఉందనో లేదనో చెప్పదు. రోగుల అంకెలూ ఆరోగ్యవంతుల అంకెలూ కొంతమేర కలిసిపోతాయి కనుక, కటాఫ్ అనే గీతను ఎక్కడ గీసినా కొందరు తప్పు వైపున పడతారు. ఆ గీతను ఒక్కొక్క విలువ దగ్గరా నిలిపి, సున్నితత్వాన్ని నిలువు అక్షం మీద, ఆరోగ్యవంతుల్లో పొరపాటున రోగులుగా తేలినవారి నిష్పత్తిని అడ్డ అక్షం మీద గుర్తించి, ఆ బిందువులను కలిపితే వచ్చేది ఆర్‌ఓసీ వక్రరేఖ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాడార్ తెర మీద శత్రువిమానాన్ని ఉత్త రొద నుంచి వేరుచేయవలసిన అవసరంలో దీని మూలాలు ఉన్నాయి. రేఖ కింది వైశాల్యానికి చక్కని అర్థం ఉంది: ఒక రోగినీ ఒక ఆరోగ్యవంతుణ్ణీ యాదృచ్ఛికంగా ఎంచితే, రోగి అంకె పెద్దదయ్యే సంభావ్యతే అది. ఇంతవరకూ ఇది ప్రమాణశాస్త్రమే.

గీతను ఏ ఒక్క చోట నిలపాలన్న ప్రశ్న ఆ శాస్త్రం పరిధిలోది కాదు. 1950లో యూడెన్ ప్రతిపాదించిన సూచిక సున్నితత్వాన్నీ విశిష్టతనూ కూడి ఒకటి తీసివేస్తుంది. ఆ విలువ గరిష్ఠమైన చోటును సాఫ్ట్‌వేర్ ‘ఉత్తమ’ కటాఫ్‌గా చూపుతుంది. ఈ ‘ఉత్తమ’ మీద అనుమానం కలగాలి (తెలుగు వాడుకలో ఆ మాటకు సందేహమని అర్థం ఉండటం ఇక్కడ అక్కరకొచ్చింది). నూరుమందిలో ఒక్కరికే ఉన్న జబ్బుకు ఈ సూచికను వాడటమంటే, ఒక రోగిని వదిలేయడమూ 99 మంది ఆరోగ్యవంతులను ఉత్తపుణ్యానికి భయపెట్టడమూ సమానమని ఒప్పుకోవడమే. సగం మందికి ఉన్న జబ్బయితే ఒక్కరికి ఒక్కరే. గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోని పీఆర్‌ఓసీ ప్యాకేజీ ఆ రెండు తప్పుల ఖరీదుల నిష్పత్తినీ, జబ్బు జనంలో ఎంత ఉందో కూడా చెప్పుకోవడానికి చోటిస్తుంది. ఏమీ చెప్పకపోతే ఖరీదులు సమానమనీ, జబ్బు సగం మందికి ఉందనీ తనే అనుకుంటుంది. గుర్తించక వదిలేసిన క్యాన్సర్‌కూ, లేని క్యాన్సర్ కోసం చేసిన బయాప్సీకీ మధ్య తూకం ఏ దత్తాంశంలోనూ దొరకదు. అది వైద్యుడూ రోగీ సమాజమూ కలిసి చేయవలసిన ధర్మనిర్ణయం, పరిశోధన పత్రంలో యూడెన్ పేరు రాసి దాన్ని దాటవేయడం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పరగడుపు చక్కెర కటాఫ్‌ను డెసిలీటరుకు 140 మిల్లీగ్రాముల నుంచి 126కు దించింది. రెండుసార్లూ 130 వచ్చిన మనిషి, ఈ ఒక్క అంకె ప్రకారం, అంతకుముందు మధుమేహ రోగి కాడు, ఆ తరువాత రోగి. ఈ మధ్యలో అతని రక్తంలో మారినదేమీ లేదు.