బడిగంట మ్రోగనినాడు

'నాయకుడు' అను పదము 'నీ' ధాతువునుండి పుట్టినది. కొనిపోవువాడు నాయకుడని దాని యర్థము. ముందు నడచుట యొక్కటే చాలదు. వెనుకనున్నవారిని తోడ్కొని పోవలెను. పాఠశాలలలో ఈ యర్థము తరచు మఱుగుపడును. తరగతి నాయకుడనగా ఉపాధ్యాయుడు లేని పది నిమిషములు అల్లరి మాన్పువాడు, మాటలాడినవారి పేర్లు పలకపై వ్రాసి యిచ్చువాడు. వాని యధికారము ఎరవుసొమ్ము. గురువు వెడలిపోయి, బడి తలుపు మూతపడి, నెలలు గడచినచో ఆ యధికారములో మిగులున దేమి? 2020 మార్చిలో ఈ ప్రశ్న దేశములోని పాఠశాలల కన్నిటికి ఎదురైనది. బస్తరునందు మఱింత కఠినముగ ఎదురైనది.

ఛత్తీస్‌గఢ్ దక్షిణమున ఏడు జిల్లాలుగా విస్తరించిన బస్తరు తెలుగువారికి దూరదేశము కాదు. కుంట, భోపాలపట్నముల సంతలలో తెలుగు వినబడుచునే యుండును. అచ్చటి పిల్లలకు మూతపడిన బడి క్రొత్తది కూడ కాదు. 2005 తరువాతి సంఘర్షణలో బీజాపూరు, సుకుమా ప్రాంతముల పాఠశాలలు ఎన్నియో కూలినవి, ఎన్నియో మూతపడినవి. పిదప 'పోర్టా కేబిన్' లను పేరుతో ఆవాసపాఠశాలలు వెలసి, అడవి పల్లెల బిడ్డలు వానిలో చేరి చదువసాగిరి. మహమ్మారి వచ్చినపుడు ఆ వసతిగృహములు ఖాళీ యయ్యెను. చదువునకై యిల్లు విడిచిన బాలలు చదువును విడిచి యిల్లు చేరిరి.

రాష్ట్రప్రభుత్వము 2020 ఏప్రిల్‌లో 'పఢఈ తుంహర్ దుఆర్' అను పథకమును ప్రారంభించినది. చదువు మీ గుమ్మమునకే వచ్చునని దాని భావము. పేదబాలుడు విద్యకడకు రాలేనిచో విద్యయే వానికడకు పోవలెనన్న వివేకానందస్వామి యాశయము ఈ పేరులో ధ్వనించుచున్నది. కాని గుమ్మమునకు వచ్చిన చదువు స్మార్టుఫోనులో కూర్చుండి వచ్చినది. ఫోను లేని యింటి గుమ్మమున అది నిలువలేదు. అందుచేత ఉపాయములు వెదకబడెను. బస్తరు జిల్లాలోని భాట్‌పాల్‌లో మైకులు కట్టి పాఠములు వినిపించిరి. సంతకు వచ్చినవారి ఫోనులలోనికి బ్లూటూత్ ద్వారా పాఠముల ధ్వనులను ఎక్కించి పంపిరి. చివరకు చెట్ల నీడను, ఊరి చావడులలోను పిల్లలను కూర్చుండబెట్టి తరగతులు నడపిరి. ఉపాధ్యాయులకు తోడుగ ఊరిలో చదువుకొన్న యువతీయువకులు ముందునకు వచ్చిరి.

మైకు చేయలేని పని యొకటి కలదు. పాఠము హిందీలో నుండును. ఇంటి భాష గోండీయో, హల్బీయో, దోర్లీయో అయి యుండును. రెండవ తరగతి పిల్లవాడు కనులు మిటకరించి చూచుచున్నాడన్న సంగతి మైకునకు తెలియదు. ప్రక్కనున్న పెద్దపిల్లకు తెలియును. ఐదారేండ్లకు ముందు తానును అదే మాటకడ తడబడినది గనుక ఆమె ఆ మాటను తమ భాషలోనికి త్రిప్పి చెప్పగలదు. పాండిత్యముచేత గాక, ఆ తడబాటు ఇంకను జ్ఞప్తియందుండుటచేతనే ఈ నేర్పు అబ్బును. ఇక నామెకు గంట లేదు, హాజరుపట్టిక లేదు, బెత్తము లేదు. ఆ చిన్నవాడు మఱునాడు తనంతట తాను వచ్చి కూర్చుండునా, లేదా? ఆమె పెద్దఱికమునకు అదియొక్కటే పరీక్ష.

బస్తరునకు ఇట్టి పెద్దఱికము క్రొత్తది కాదు. మురియా గోండుల 'ఘోటుల్' యువజనులు తామే నడపుకొనిన సంస్థ. అందు బాలురకు 'సిర్దారు', బాలికలకు 'బెలోసా' పెద్దలుగా నుండి పనులు పంచి, తప్పినవారిని దండించుచుండిరి. ఊరి పెండ్లిండ్లకు, పండుగలకు కావలసిన చాకిరి ఆ యువజనులదే. వెరియర్ ఎల్విన్ 1947లో దీనిపై పెద్ద గ్రంథమే వ్రాసెను. తరువాత వచ్చినవారిలో పెక్కుమంది అందలి స్త్రీపురుష సంబంధములను గూర్చి మాత్రమే కుతూహలపడిరి. చిన్నవానికి పెద్దవాడు జవాబుదారియై యుండుటను చూడలేదు. చూపు ఎచ్చట నిలుచునో చూచువాని సంస్కారము అచ్చటనే బయటపడును. ఘోటుల్‌లో అక్షరములు నేర్పలేదు, నిజమే. కాని అక్షరములు నేర్పుటకు కావలసిన కట్టుబాటు అందుండెను.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. తన చదువే కుంటుపడిన బాలిక నెత్తిపై మఱొకని చదువును మోపుట న్యాయమా? స్వాధ్యాయమును గాని ప్రవచనమును గాని ఏమరవలదని తైత్తిరీయోపనిషత్తు చెప్పినది గదా యని సమాధానపడవచ్చును. నిజమే, నేర్చుటయు నేర్పుటయు అందు జంటగానే వచ్చును. కాని ఆచార్యుడు ఆ మాటను చదువు పూర్తియైన శిష్యునితో చెప్పెను. తాను చెప్పవలసిన దంతయు చెప్పిన పిదప చెప్పెను. పాఠము చెప్పని ఆచార్యునకు, ఫోను గాని పుస్తకము గాని అందింపని సమాజమునకు ఆ వాక్యము అండ కాజాలదు. పిల్లల సేవను పొగడి పెద్దలు తమ ఋణము తీరినదనుకొన్నచో ఆ పొగడ్త వంచనయే యగును.

నరేంద్రుని బాల్యము ఇచ్చట తలంపునకు వచ్చును. 1877లో తండ్రి విశ్వనాథదత్తునికడకు రాయపూరు వచ్చిన ఆ బాలునకు చేరుటకు తగిన పాఠశాల అచ్చట లేకుండెను. రెండేండ్లు అతడు ఇంటనే యుండెను. 1879లో కలకత్తా చేరి తప్పిపోయిన చదువును తీర్చుకొని ప్రవేశపరీక్షలో ప్రథమశ్రేణిని ఉత్తీర్ణుడయ్యెను. బడి లేకున్నను మహాపురుషుడు కాలేదా యని దీనిని చెప్పుకొనుట సులభము. కాని ఆ యింట తండ్రి న్యాయవాది; ఇంటికి వచ్చిన పండితులతో ఆ బాలుని వాదింపనిచ్చెడివాడు. బడి మూతపడినను గురువు మూతపడలేదు. అబూజ్‌మాడ్ కొండలలో మొదటితరము చదువరికి ఆ తండ్రి స్థానమున ఉండగలిగినది పొరుగింటి పదవతరగతి పిల్ల యొక్కతెయే. ఈ భేదమును గుర్తించియే కాబోలు, రాయపూరు ఆశ్రమమును నెలకొల్పిన ఆత్మానందస్వామి 1985లో నారాయణపూరున ఆశ్రమమును, దానితో ఆవాసవిద్యాలయమును తలపెట్టిరి.

నాయకత్వమునకు మఱొక పరీక్ష 2021 జూన్‌లో వచ్చినది. ఆ యేడు ఛత్తీస్‌గఢ్ పండ్రెండవ తరగతి విద్యార్థులు ప్రశ్నపత్రములను ఇంటికి కొనిపోయి, వ్రాసి, ఐదుదినములలో తిరిగి యిచ్చిరి. కావలివాడు లేడు. తెలివిగలవాని చుట్టు స్నేహితులు చేరుట సహజము. వాడు జవాబును వ్రాసియిచ్చెనా, లెక్కను విప్పి చెప్పెనా? వెలుపలనుండి చూచువారికి రెండును సహాయముగనే తోచును. వ్రాసియిచ్చినవాడు స్నేహితుని తనపై నాధారపడువానిగ చేసెను. అందులో దయకంటె మోహము పాలు హెచ్చు, కొంత గర్వమును కలదు. విప్పి చెప్పినవాడు తన యవసరము తీరిపోవునట్లు చేసెను. నియమము ననుసరించి చూచినచో పరీక్షాకాలమున ఇదియు దోషమే కావచ్చును. అయినను ఈ రెండు దోషములను ఒకే తక్కెడలో తూచుట తగదు.

చదువు తెగిపోయినచో ఆ బిడ్డ పోవు త్రోవ ఏదో తెలుగువారు కన్నులార చూచినదే. 2020 ఏప్రిల్‌లో బీజాపూరు జిల్లాకు చెందిన పండ్రెండేండ్ల బాలిక తెలంగాణ మిరపచేలనుండి తోటికూలీలతో మూడుదినములు కాలినడకన ఇంటిదారి పట్టి, ఊరు చేరకమునుపే మరణించెను. మిరపకోతల ఋతువున అట్టి బిడ్డలు ఏటేట గోదావరి తీరమునకు వచ్చుచుందురు. 2021 ఆగస్టులో బడులు మరల తెరచినపుడు పట్టికలో పేర్లు పిలువబడెను. కొన్ని పేర్లకు జవాబు రాలేదు. ఆ పిల్లవాడు ఏ యూరి చేనికి పోయెనో, ఎవరితో పోయెనో ఉపాధ్యాయునకు తెలియకపోవచ్చును. చెట్టు క్రింద వానికి 'క' గుణింతము దిద్దించిన పెద్దపిల్లకు తెలియును. ఆమెను పిలిచి అడిగిన ఉపాధ్యాయులు ఎందరో!