ముదిమియందు తనపై దయ

ఏకాదశినాటి ఉదయము. ఒక ఇంట పెద్దమ్మగారు దేవుని పటము ముందు కూర్చుండి కంటతడి పెట్టుచున్నారు. ఒకనాడు పచ్చి మంచినీరైనను ముట్టక ఉపవసించిన ఆమె, నేడు మాత్ర వేసికొనుటకై గ్రుక్కెడు పాలు త్రాగవలసి వచ్చినది. "నా వ్రతము చెడినది. ఇక ఈ బ్రతుకెందుకు?" అని ఆమె ఆవేదన. ఇట్టి ఆవేదన మన గృహములలో అరుదు కాదు. మోకాళ్ళు సహకరింపక అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కలేకపోతినని ఒకరు, పారాయణము నడుమ నామములు మరచుచుంటినని మరొకరు తమను తాము నిందించుకొనుచుందురు.

ఒక్కమాట యోచింపుడు. జ్వరముతోనున్న కోడలు ఆ పాలు త్రాగియుండినచో, ఆ పెద్దమ్మగారు ఆమెను నిందింతురా? "త్రాగు తల్లీ, స్వామి చూచుచునే యున్నాడు" అని తామే అందింతురు. పరులపై చూపు ఆ దయకు తాము మాత్రము తగనివారెట్లగుదురు? సర్వభూతదయ అన్నప్పుడు ఆ భూతములలో తనకును చోటున్నది కదా!

మన ధర్మశాస్త్రము ఈ దయను ముందే చూపినది. ఏకాదశీ ఉపవాస నియమము ఎనిమిదేండ్లు దాటి, ఎనుబదేండ్లు నిండనివారికే చెప్పబడినది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, ఔషధము మొదలగు ఎనిమిదింటివలన వ్రతభంగము కలుగదనియు పెద్దలు నిర్ణయించిరి. మనుజుడు తన్ను తానే ఉద్ధరించుకొనవలెననియు, క్రుంగదీసికొనరాదనియు గీత 6వ అధ్యాయమున భగవానుడు హెచ్చరించెను.

అయినచో ఇది సోమరితనమునకు అనుమతియా? కాదు. చేయగలిగినది మానుట సోమరితనము. చేయలేనిదానికై తన్ను హింసించుకొనుట భక్తి కాదు. "నేను చేసితిని" అను గర్వమే ఒక్కొక్కప్పుడు "నేను చేయలేకపోతిని" అను శోకమై మిగులును. ఈ దేహము శ్రీమన్నారాయణుని సొత్తు. ఆహారముతో, ఔషధముతో, విశ్రాంతితో దానిని కాపాడుటయు కైంకర్యమే.

నామము మరచుచున్నవారికి వరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాట ఉన్నది. దానిని శ్రీవైష్ణవులు వరాహ చరమశ్లోకమందురు. మనసు, దేహము స్వస్థముగా నున్నప్పుడు తన్ను తలచినవాడు, తుదకు కట్టెవలె, రాతివలె పడియున్నవేళ, తానే అతనిని తలచి పరమగతికి చేర్తునని స్వామి ప్రతిజ్ఞ. మనము మరచినను ఆయన మరువడు.

కావున పెద్దలారా! మెట్లు ఎక్కలేనినాడు ఇంటనుండియే కొండవైపు చేతులు జోడింపుడు. వేయి నామములు చదువలేనినాడు ఒక్క నామము చాలును. మాత్ర వేసికొని, పాలు త్రాగి, గోవిందా యని నిశ్చింతగా విశ్రమింపుడు.